కాలు ఓర్చుకున్నంత వేడి

స్విమ్మింగ్ పూల్, టికెట్ల గది
మార్చి 2

అక్కా,

ఈ పూల్‌కి కాపలాదారు, గచ్చు కడిగేవాడు, నీళ్లలో మందు కలిపేవాడు, మూసే వేళకి వచ్చేవాళ్ల చేత తిట్లు తినేవాడు, అన్నీ తానే అయిన నీ తమ్ముడు క్షేమంగా ఉన్నాడు, కుడికాలి బొటనవేలు ఒక్కటి తప్ప.

మళ్లీ వచ్చిందక్కా. మొన్న సాయంత్రం పూల్ మూసేసి, కాళ్లు కడుక్కుని బెంచీ మీద కూర్చున్నప్పుడు చూశాను. గోరు ఒక మూల పసుపురంగు తిరిగింది. గోటి కింద తెల్లటి పొడి రాలుతోంది. ఇది మూడోసారి. మొదటిసారి నువ్వు పంపిన మందు గోటికి రాసి రాసి నా వేలే అరిగిపోయింది. రెండోసారి రక్తపరీక్ష చేయించుకుని మరీ మాత్రలు మింగాను. గోరు పసిపిల్లాడి గోరులా కొత్తగా వచ్చిందని నీకు గొప్పగా రాశాను కూడా. నాకు తెలియక అడుగుతాను, ఈ ఫంగస్ పోవడానికి వస్తుందా, ఉండడానికి వస్తుందా? గోరంత జబ్బుకి కొండంత మందు వాడినా దానికి సిగ్గు లేదు. పోగొట్టే మందు సంగతి నాకు తెలుసు. మళ్లీ రాకుండా ఏం చెయ్యాలో అది చెప్పు.

ఫోన్‌లోనే అడుగుదును గానీ, పూల్ ఫోన్ నుంచి బయటి ఊళ్లకి పోదు, షాపు ఫోన్ నాన్న చేతికి అందేంత దూరంలో ఉంటుంది. నువ్వేమో ఆ ఫోన్ మోగించనని ఆరేళ్ల కిందట ఒట్టు పెట్టుకుని పోయావు. అందుకని ఎప్పట్లాగే పూల్ చిరునామాకి రాయి.

నాన్న బాగున్నాడు. నువ్వు అడగవు కాబట్టి నేనే చెబుతున్నాను. పొద్దున బూట్ల షాపు తెరుస్తాడు, సాయంత్రం మూస్తాడు, మధ్యలో వచ్చినవాళ్ల కాళ్లకి కొలత తీసుకుంటాడు.

నీ
తమ్ముడు

పాదాల క్లినిక్, వెనకగది
మార్చి 11

ఒరేయ్ నీటికోడీ,

పొద్దుట్నుంచి పదకొండు మంది కాళ్లు చూశాను. పన్నెండోది నీది. మిగిలిన పదకొండు మందీ నర్సమ్మగారూ అని మర్యాదగా పిలిచారు, నువ్వొక్కడివే ఉత్తరంలో వేలు చూపించావు.

గోరు బాగుపడినట్టు కనిపించగానే మందు ఆపేశావు కదూ? అబద్ధం ఆడకు, అందరూ చేసే పనే అది. ఇల్లు అలకగానే పండగైపోదు. బొటనవేలి గోరు అడుగు నుంచి కొస దాకా పూర్తిగా కొత్తగా పెరగాలంటే ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర పడుతుంది. ఆ కొస దాకా శుభ్రమైన గోరు వచ్చేవరకూ మందు మానకూడదు.

ఇక రెండోది. నువ్వు ఆ జబ్బుని గోటిలోంచి తరిమేసి బూట్లలో కాపురం పెట్టించావు. ఆ కాన్వాసు బూట్లు ఇంకా వాడుతున్నావని నాకు తెలుసు. పారెయ్. రెండు జతలు పెట్టుకుని రోజు మార్చి రోజు వేసుకో, విప్పిన జతని ఎండలో ఆరబెట్టు, లోపల పౌడరు చల్లు. సాక్సులు రోజూ మార్చు, వేడినీళ్లలో ఉతుకు. కాళ్లు కడుక్కున్నాక వేళ్ల సందుల్లో తుడుచుకో, దురదా పొట్టూ అక్కడే మొదలై గోటికి ఎక్కుతాయి. పూల్ గచ్చు మీద చెప్పులు లేకుండా తిరగకు. చెప్పులు వేసుకోండి అని గోడ మీద బోర్డు రాసింది నువ్వే, కింద వట్టికాళ్లతో నిలబడి జనాన్ని అదిలించేదీ నువ్వే. గోళ్ల కట్టరు నీకు విడిగా ఒకటి ఉండాలి.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఇంట్లో మీరిద్దరే. స్నానాలగది ఒకటే, కాళ్లు తుడుచుకునే పట్టా ఒకటే, కట్టరు కూడా ఒకటే అయి ఉంటుంది. ఒకరికి తగ్గినా రెండోవాళ్ల దగ్గర మిగిలి ఉంటే అది ఇద్దరి మధ్యా తిరుగుతూనే ఉంటుంది. మూడుసార్లు వచ్చిందంటే నాకు అనుమానం అదే. నాన్న కాళ్లు చూశావా? చూసి రాయి. ఆయన కోసం అడగడం లేదు, నీ గోటి కోసం అడుగుతున్నాను.

ఇక్కడ నా గది కింద సైకిళ్ల రిపేరు షాపు పెట్టారు. రోజంతా ఒకటే గాలి కొట్టే చప్పుడు. అలవాటైపోతోంది.

అక్క

స్విమ్మింగ్ పూల్, టికెట్ల గది
ఏప్రిల్ 6

అక్కా,

నీ ఆజ్ఞ ప్రకారం కాన్వాసు బూట్లు పారేశాను. వీధి కుక్క వాసన చూసి వదిలేసి పోయింది, ఆ మాట నీకు రాయకుండా ఉండలేకపోయాను. రెండు కొత్త జతలు షాపులోంచి తెచ్చుకున్నాను. కట్టరు కొన్నాను. సాక్సులు మరిగిస్తున్నాను. తువ్వాలుతో వేళ్ల సందులు తుడుచుకుంటుంటే పూల్‌కి వచ్చే పిల్లలు నన్ను చూసి నవ్వుతున్నారు.

నాన్న కాళ్లు చూశాను. ఆయనకేం లేదు.

ఇక అసలు సంగతి. పోయిన ఉత్తరంలో సరిగా రాయలేదు. నా గోరు నేను చెప్పినదానికంటే బాగా పాడైంది. మందంగా, గోధుమరంగులో, మేకకొమ్ములా వంకర తిరిగి పక్కవేలిని తోస్తోంది. కట్టరు నోటికి పట్టదు. బూటు తొడిగితే పైన తోలు ఉబ్బి కనిపిస్తుంది. నొప్పి మాత్రం అస్సలు లేదు, అదొక అదృష్టం. దాన్ని కాస్త పలచబరిచే ఉపాయం, ఇంట్లో చేసుకోగలిగేది, ఏదైనా చెప్పు. డాక్టరు దగ్గరికి పో అంటావని తెలుసు. పోతాను, కొంచెం తీరుబడి చిక్కనీ.

ఇంకో మాట. మొన్న షాపులో ఒక ముసలాయనకి బూటు తొడుగుతూ నాన్న అన్నాడు, "మా అమ్మాయిదీ ఇదే పనండీ. కాకపోతే దానికి తెల్లకోటు ఇచ్చారు" అని. నవ్వుతూనే అన్నాడు. నేను గోడవైపు తిరిగి పెట్టెలు సర్దుతున్నాను, నేను విన్నానని ఆయనకి తెలియదు.

తమ్ముడు

పాదాల క్లినిక్, వెనకగది
ఏప్రిల్ 17

తమ్ముడూ,

నెల తిరిగేసరికే పసుపు మచ్చ మేకకొమ్మైపోయిందా? నీ గోరు పరుగుపందెంలో ఉన్నట్టుంది. నేను చూసిన మేకకొమ్ములన్నీ అయిదారేళ్లు పెంచుకుంటే వచ్చినవి. సరేలే, చిన్నప్పుడు దోమ కుడితే కట్టు కట్టించుకున్నవాడివి నువ్వు. కొలతలు నీ దగ్గర ఎప్పుడూ ఎక్కువే పలుకుతాయి.

డాక్టరుకి చూపించాల్సిందే. ఈలోగా రోజూ సాయంత్రం బకెట్‌లో వేడినీళ్లు పోసుకుని పావుగంట పాదం నానబెట్టు. ఎంత వేడి అంటే, కాలు ఓర్చుకున్నంత వేడి. గోరు మెత్తబడ్డాక ఆకురాయితో పైపైన అరగదియ్యి, ఒకేసారి కాదు, రోజుకి కొంచెం. అంచులు మూలల్లోకి కొయ్యకు. తర్వాత బాగా తుడిచి మందు రాయి. ఆ ఆకురాయి ఇంకెవరూ ముట్టుకోకూడదు.

తెల్లకోటు మాట దగ్గర ఆగిపోయాను. రెండుసార్లు చదివాను, మూడోసారి కూడా చదివాను.

ఆ రోజు నువ్వు లేవు, పూల్‌లో కొత్తగా చేరావు. పాదాల నర్సు శిక్షణకి రమ్మని నాకు కాగితం వచ్చింది. షాపులో ఇద్దరు మనుషులు కూర్చుని ఉన్నారు. నాన్న తన పీట మీద కూర్చుని ఒకాయన కాలికి లేసు కడుతున్నాడు. చెప్పాను. "ముప్పై ఏళ్లు జనం కాళ్ల దగ్గర పీటేసుకుని కూర్చున్నాను, నా కూతురు కుర్చీలో కూర్చోవాలని. నువ్వు పోయి మళ్లీ అదే పీట మీద కూర్చుంటావా?" అన్నాడు. నాకు ఎక్కడలేని రోషం వచ్చింది. "నువ్వు చెప్పులు అమ్ముకోవడానికి కూర్చున్నావు. నేను జబ్బు బాగు చెయ్యడానికి కూర్చుంటాను. రెండూ ఒకటి కాదు" అన్నాను. బయటివాళ్ల ముందు అన్నాను. ఆయన ఆ లేసు ముడి పూర్తిచేసి, రెండో బూటు అందుకున్నాడు.

ఆ మాట అని ఉండకూడదు. ఇన్నేళ్లలో ఇది ఎవరికీ చెప్పలేదు. నువ్వూ ఎవరికీ చెప్పకు, ముఖ్యంగా ఆయనకి.

అక్క

స్విమ్మింగ్ పూల్, టికెట్ల గది
మే 3

అక్కా,

నీ ఉపాయం భలే పనిచేసింది! రెండు వారాల్లో గోరు సగానికి సగం దిగింది. పక్కవేలిని తోయడం మానేసింది. ఇంట్లో పెళ్లి జరిగినంత సంబరంగా ఉంది, నాన్న కూడా నిన్న నవ్వాడు.

ఒక చిన్న సంగతి. మొన్న నీళ్లు కాస్త వేడెక్కువైనట్టున్నాయి. బొటనవేలి కింద, పాదం మీద సీసా మూతంత పొక్కు లేచింది. లేచినట్టు కూడా తెలియలేదు, పొద్దున సాక్సు తడిగా ఉంటే చూసుకున్నాం. చితికిపోయింది. నొప్పేం లేదు. ఏం రాయమంటావు?

రేపటి నుంచి పూల్ ఖాళీ చేసి రంగులు వేస్తున్నారు, మూడు వారాలు మూత. నువ్వు రాసింది ఇక్కడే పడుతుంది, నేను మధ్యలో వచ్చి చూసుకుంటాను.

తమ్ముడు

పాదాల క్లినిక్
మే 8, మధ్యాహ్నం

తమ్ముడూ,

ఇది ఎవరి కాలు?

వేడినీళ్లకి పొక్కిన పాదం నొప్పి పెట్టకపోవడం ఏమిటి? నీ వయసువాడు గావుకేక పెట్టాలి. "చూసుకున్నాం" అని రాశావు. ఎవరెవరు చూసుకున్నారు?

నాన్నకి షుగర్ ఉందా? నిజం రాయి. ఉంటే ఇది చదివిన నిమిషంలో ఆసుపత్రికి తీసుకుపో. నానబెట్టడం ఆపెయ్. గోటిని ముట్టుకోకు. కాలు నేల మీద మోపనివ్వకు. ఆయింట్‌మెంట్లు పూసుకుంటూ ఇంట్లో కూర్చోకండి. నాతో గొడవలన్నీ తర్వాత.

అక్క

ఆసుపత్రి, రెండో అంతస్తు, వరండా బెంచీ
మే 29

అక్కా,

నీ ఉత్తరం నిన్న చూశాను. టికెట్ల గది తలుపు సందులోంచి లోపలికి తోసేశారు, రంగు డబ్బాల వెనక పడి ఉంది. పైన మన ఊరి పోస్టాఫీసు ముద్ర మే పన్నెండుది. మధ్యలో వచ్చి చూసుకుంటానన్నాను. ఉత్తరం వస్తే రంగులవాళ్లు కబురు పెడతారులే అనుకుని రాలేదు.

నాన్న కాలక్కా. మొదట్నుంచీ కాదు, నా గోరు సంగతి నిజమే. కానీ రెండో ఉత్తరం నుంచి నేను రాసిందంతా నాన్న కాలు.

నాన్న కాళ్లు చూశావా అని నువ్వు అడిగావు కదా. ఆ సాయంత్రం షాపు మూశాక "నాన్నా, సాక్సులు తియ్యి" అన్నాను. "ఎందుకురా" అన్నాడు. నీ ఉత్తరం చూపించాను. చాలాసేపు చదివాడు. "దస్తూరి మారలేదు" అన్నాడు. తర్వాత తీశాడు. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి ఆయన పాదాలు నేను ఎప్పుడూ చూడలేదక్కా. పొద్దున లేచేసరికే ఆయన కాళ్లకి సాక్సులు ఉంటాయి, పడుకునేటప్పుడూ ఉంటాయి. షాపువాడు కదా, బూటు లేకుండా కనిపించకూడదని అలవాటనుకున్నాను. గోళ్లు చూశాక తెలిసింది. ఎన్నో ఏళ్లుగా పుచ్చి ఉన్నాయి. నాకు మళ్లీ మళ్లీ వచ్చింది ఎక్కణ్నుంచో అప్పుడు అర్థమైంది.

రాస్తాను అక్కకి అన్నాను. "రాయి. నాదని మాత్రం రాయకు" అన్నాడు. "ఊళ్లో అందరికీ బూట్లు తొడిగేవాడి కాళ్లు ఇలా ఉన్నాయని తెలిస్తే షాపుకి ఎవడొస్తాడు? అది వింటే ఏమనుకుంటుంది? కాళ్లు బాగుచేసే కూతురికి, సొంత కాళ్లు పాడుచేసుకున్న నాన్న. వద్దురా" అన్నాడు. సరేనన్నాను. నాకు తప్పుగా అనిపించలేదు. ఎవరి గోరైనా గోరే కదా, మందు ఒకటే కదా అనుకున్నాను. పైగా ఈ వంకతోనైనా మీ ఇద్దరి మధ్య మాట నడుస్తోందని లోపల్లోపల సంతోషించాను. ఇక్కడే మోసపోయాను.

నాన్నకి షుగర్ వచ్చి నాలుగేళ్లు. నీకు చెప్పొద్దన్నాడు, చెప్పలేదు. పాదాలు మొద్దుబారి రెండేళ్లయిందట, అది నాకూ తెలియదు. ఇక్కడి డాక్టరు అడిగితే అప్పుడు నోరు విప్పాడు.

నీళ్లు నేనే కాచేవాణ్ని. బకెట్ పెట్టి "ఓర్చుకోగలవా నాన్నా?" అని అడిగేవాణ్ని. "ఇంకా పొయ్యి, మీ అక్క ఎంత చెబితే అంత" అనేవాడు. పోసేవాణ్ని. నీ మాట తూచా తప్పకుండా పాటిస్తున్నామని మా ఇద్దరికీ ఒకటే గర్వం. ఒక్కరోజు, ఒక్కసారి, నా చెయ్యి ముంచి చూసుకోవాలని తోచలేదు. రోజంతా పూల్ నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో ఎంత వేడిగా ఉన్నాయో కొలిచి పలక మీద రాసేవాణ్ని నేనే అక్కా.

పొక్కు పుండైంది. మందుల షాపువాడు ఇచ్చిన ఆయింట్‌మెంట్ పది రోజులు రాశాం. నీ జవాబు వస్తుందని ఎదురుచూస్తున్నాం, నువ్వేం చెబితే అది చేద్దామని. అది టికెట్ల గదిలో పడి ఉంది. వేలు నల్లబడ్డాక ఇక్కడికి తెచ్చాను. పోయిన గురువారం కుడికాలి బొటనవేలు తీసేశారు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చాను. పక్కవేలి సంగతి రెండు వారాలు గడిస్తే గానీ చెప్పలేమంటున్నారు, పాదం కూడా దాని మీదే ఆధారపడి ఉందట.

నీ ఉత్తరాలన్నీ ఆయన చదివాడు. షాపు సంగతి రాసింది కూడా. ఎవరికీ చెప్పకు అన్నావు, నేను చెప్పలేదు, టేబుల్ మీద పెట్టి స్నానానికి పోయాను. వచ్చేసరికి మడిచి కవరులో పెట్టేసి ఉంది. ఆ రోజు నీళ్లు ఇంకొంచెం వేడిగా పొయ్యమన్నాడు.

నన్ను ఎంత తిట్టినా పడతాను. తిట్టు.

తమ్ముడు

సైకిళ్ల షాపు మీది గది
జూన్ 3

తమ్ముడూ,

శుక్రవారం వస్తున్నాను. ఈ ఉత్తరం నాకంటే ముందు చేరుతుందో లేదో తెలియదు. ముఖం చూసి చెప్పలేనివి కొన్ని ఉన్నాయి, అందుకని రాసేస్తున్నాను.

నిన్ను తిట్టే అర్హత నాకు లేదు. నాకు తెలుసురా.

మేకకొమ్ము అని చదివిన రోజే తెలుసు. నెలలో అలాంటి గోరు రాదు. నొప్పి లేదన్నావు. పాతికమంది ముసలివాళ్ల కాళ్లు రోజూ నా ఒళ్లో పెట్టుకునేదాన్ని, ఆ రెండు మాటలూ కలిపి చదివితే ఏమిటో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అది ముసలికాలు. మీ ఇంట్లో ముసలికాళ్లున్నది ఒక్కరికే. ఆ ఆలోచన వచ్చింది, నేనే తోసేశాను. ఎందుకంటే అది నాన్న కాలైతే నాన్నకి రాయాలి. ఆయన అడగందే నేను ఎందుకు రాయాలి అనుకున్నాను. నిన్ను గోరంతని కొండంత చేస్తావని వెక్కిరించి, ముప్పై ఏళ్లవాడికి చెప్పే వైద్యం చెప్పాను. షుగర్ ఉన్నవాళ్లకి నేను రోజూ చెప్పే మొదటిమాట, కాళ్లు నానబెట్టకండి అని. రెండోమాట, నీళ్ల వేడి కాలితో కాదు మోచేత్తో చూసుకోండి అని. క్లినిక్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించింది నేనే.

ఇంకొకటి ఉంది. మే ఎనిమిదిన ఆ ఉత్తరం పోస్టులో వేసి వస్తూ వస్తూ ఆగలేకపోయాను. ముందు పూల్‌కి చేశాను, ఎవరూ ఎత్తలేదు. షాపుకి చేశాను. నాన్న ఎత్తాడు. "హలో, బూట్ల షాపండీ" అన్నాడు. రిసీవరు చెవికి ఇంకా గట్టిగా ఆనించాను. "ఎవరండీ? ఏ సైజు కావాలండీ?" అన్నాడు. పెట్టేశాను. గొంతు ఎప్పట్లాగే గట్టిగా ఉంది, మనిషి బాగానే ఉన్నాడు, అంటే కాలు ఆయనది కాదు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పాదం జబ్బు గొంతులో వినిపిస్తుందని ఏ పుస్తకంలో చదివానో! ఆ రోజు వేలు ఇంకా బతికే ఉంది. "నాన్నా, సాక్సు విప్పి చూడు" అని నాలుగు మాటలు అంటే సరిపోయేది.

ఆయన నాదని రాయకు అన్నాడు, నేను ఆయన కోసం అడగడం లేదు అన్నాను. ఇద్దరం ఒకే తోలుతో కుట్టిన జత. మధ్యలో నువ్వేం చేస్తావు పాపం.

నేను వచ్చేదాకా కట్టు తడవనివ్వకు. ఎడమకాలు రోజూ పొద్దునా సాయంత్రం చూడు, అడుగున కూడా, వేళ్ల సందుల్లో కూడా. ఆయనకి తెలియదు కాబట్టి నీ కళ్లతో చూడాలి.

అక్క

పాదాల క్లినిక్, వెనకగది
జూన్ 24

తమ్ముడూ,

క్షేమంగా చేరాను. రెండో వేలు నిలబడిందని నీ కార్డు నా వెనకే వచ్చి చేరింది. ఆ కార్డు క్లినిక్‌లో అందరికీ చూపించాను, వాళ్లకి ఏం అర్థమైందో గానీ అందరూ నవ్వారు.

నీ గోరు సంగతి ముందు చెప్పేస్తాను. ఈసారి మందు ఏడాది మానకు. పాత పట్టా కాల్చేశావు కాబట్టి సరే. ఇద్దరికీ చెరొక తువ్వాలు, చెరొక కట్టరు, చెరొక జత స్నానాలగది చెప్పులు. నాన్న గోళ్లకి నువ్వు కట్టరు పెట్టకు, నెలకొకసారి అక్కడి ఆసుపత్రి నర్సు దగ్గరికి తీసుకుపో, ఆమెతో మాట్లాడి వచ్చాను. ఆయన మాత్రలకీ గోటి మాత్రలకీ పడదు, కాబట్టి పైన రాసే మందే. ఎడమకాలి గోళ్లు పూర్తిగా బాగుపడకపోవచ్చు. పాకకుండా చూసుకుంటే చాలు. షాపులో వెడల్పు ముక్కున్న మెత్తటి బూట్లు ఉన్నాయి, ఆయన చేతే ఏరించి పెట్టాను. వేసుకునే ముందు ప్రతిసారీ లోపల చెయ్యిపెట్టి చూడాలి, చిన్న రాయి ఉన్నా ఆయనకి తెలియదు.

నేను బయల్దేరే రోజు నువ్వు పూల్‌కి పోయావు కదా, అప్పుడు జరిగింది నీకు చెప్పలేదు. స్టేషన్‌లో చెబుదామనుకున్నాను, చెప్పకుండానే రైలెక్కేశాను.

కట్టు మార్చాలి. ఇంట్లో వెలుతురు చాలక ఆయన్ని షాపులోకి తీసుకొచ్చి, కొనేవాళ్లు కూర్చునే కుర్చీలో కూర్చోబెట్టాను. నేను పీట లాక్కున్నాను. "అక్కడ కూర్చోకు, లే" అన్నాడు. "నాన్నా, వేరే చోట కూర్చుంటే నాకు కనపడదు" అన్నాను. దానికాయన, "నీకు అప్పుడే చెప్పాల్సింది. నేను కూర్చున్నదీ చెడ్డపని కాదు. నువ్వు కూర్చున్నదీ కాదు. నీ మాటకి కాదు నాకు కోపం వచ్చింది, నా మాట నాకే తిప్పికొట్టావని" అన్నాడు. నేను తప్పయిందన్నాను. ఆయన "ఊ" అన్నాడు. మొహం వీధివైపు తిప్పుకున్నాడు. తన కాళ్ల దగ్గర కూతురు కూర్చోవడం చూడలేక తిప్పుకున్నాడని నాకు తెలుసు. అటే చూస్తూ ఉండిపోయాడు.

కట్టు విప్పాను. గాయం శుభ్రం చేశాను. మిగిలిన నాలుగు వేళ్ల సందులూ ఒక్కొక్కటి తుడిచాను. మడమ పగుళ్లకి నూనె పట్టించాను. చాలాసేపే పట్టింది. ఎన్ని వేల పాదాలు పట్టుకున్నానో ఇన్నేళ్లలో, ఆయన పాదం పట్టుకోవడం అదే మొదటిసారి. ఎంత తేలిగ్గా ఉందో చూసి ఏడుపొచ్చింది. అంతా అయ్యాక కూడా వదలబుద్ధి కాక రెండు చేతుల్లో గట్టిగా పట్టుకుని అలాగే కూర్చున్నాను.

ఆయన వీధిలోకి చూస్తూనే, "మొదలుపెట్టావా అమ్మా?" అని అడిగాడు.

"ఇదిగో, ఇప్పుడే నాన్నా" అన్నాను.

అక్క